పప్పు కట్టు

శాండ్‌విచ్ తిండి కాదని నా అభిప్రాయం. రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో నాలుగు పచ్చి కీర చక్రాలు. అందులో వంట ఎక్కడుంది? పొయ్యి వెలిగించక్కర్లేదు, పోపు వెయ్యక్కర్లేదు. మా ఇంట్లో బ్రెడ్డంటే జ్వరం వచ్చినవాళ్ళు పాలలో ముంచుకుని తినేది. జ్వరం తగ్గగానే మిగిలిన ముక్కలు కాకులకి వేసేవాళ్ళం. బీచ్ రోడ్డులో కుర్రకారు బ్రెడ్డు ముక్కలమీద తెల్లటి మయొనైజు పిండుకుని, కళ్ళు మూసుకుని తింటుంటే నాకు జాలేసేది. టమాటా సాసు సంగతి ఇక చెప్పనే వద్దు. టమాటా పచ్చడి చెయ్యడం రానివాడి ఏడుపది.

అలాంటి నేను ఇప్పుడు వారానికి మూడు రోజులు, తెల్లారగానే లేచి శాండ్‌విచ్ చేస్తున్నాను. బ్రెడ్డు అంచులు కోసేసి, ఉప్పులేని వెన్న రాసి, కీర తొక్క తీసి, గింజ తీసి, పల్చగా తరిగి పెడతాను. డబ్బాలో సర్ది సంచిలో పెడతాను. అది నా భార్యకి. ఆవిడ రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మధురవాడ దగ్గర ఒక ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలిసిస్ మంచం మీద పడుకుంటుంది. ఎడమ చేతిలో సూదులుంటాయి, కుడిచేత్తో ఈ శాండ్‌విచ్ పట్టుకుని తింటుంది.

"బావుందండీ" అంటుంది.

బాగోదని నాకు తెలుసు. ఉప్పులేని వెన్నకి కొవ్వొత్తి రుచి ఉంటుంది. నేను తిని చూశాను.

మా ఇంట్లో వంట నాది. పెళ్ళయిన రోజునుంచీ నాదే. నేను పోర్టులో క్రేన్ నడుపుతాను. షిఫ్టు దిగి ఇంటికొచ్చి చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్తే గాని నాకు ఆ రోజు గడిచినట్టుండదు. మా నాన్న గోదావరి జిల్లానుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన తెచ్చుకున్న రుచులే నావీ. ఆవకాయంటే ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె, అంతే. ఆవిడది విజయనగరం అవతల పల్లెటూరు, వ్యవసాయం ఇల్లు. వాళ్ళు ఆవకాయలో బెల్లం వేస్తారు. పులుసులో బెల్లం, పప్పులో బెల్లం, ఆఖరికి వంకాయ కూరలోనూ చిటికెడు బెల్లం.

"ఇది కూరా, పాయసమా?" అనేవాణ్ణి.

"మీ కూర తింటే మంట, మా కూర తింటే కూర" అనేది ఆవిడ.

ఇరవై రెండేళ్ళు ఈ తగువు నడిచింది. ప్రతి ఎండాకాలం మా ఇంట్లో రెండు జాడీలు పడేవి, ఒకటి నాది, ఒకటి ఆవిడది. నేను నిద్రపోతున్నాననుకుని ఆవిడ నా జాడీలో వేలు పెట్టి నాకేది. నేను ఆవిడ ఊరెళ్ళినప్పుడు బెల్లం ఆవకాయతో పెరుగన్నం తినేవాణ్ణి. ఇద్దరం ఒప్పుకోలేదు.

ఇప్పుడు రెండు జాడీలూ అటకమీద బోర్లించి ఉన్నాయి. ఊరగాయ కూడదన్నారు, ఉప్పు. బెల్లం కూడా కూడదన్నారు. కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, టమాటా వద్దు, చింతపండు తగ్గించండి, ఎండుచేప ఊసే ఎత్తొద్దు. ఆవిడకి ఎండు నెత్తళ్ళంటే ప్రాణం. వంకాయతో కలిపి వండితే వీధి చివరిదాకా వాసన వస్తుంది. మా బంధువులు ముక్కు మూసుకునేవాళ్ళు, ఆవిడ రెండోసారి అన్నం కలుపుకునేది. మొన్నీమధ్య జాలరిపేటవైపు వెళ్తే, మాకు ఎప్పుడూ చేపలు అమ్మే ఆవిడ బుట్ట పక్కకి జరిపి నన్ను ఆపింది.

"మీ ఆవిడ రాటం మానీసిందేటి బాబూ? నెత్తల్లు మంచియి ఎండబెట్టినాను. ఆవిడ కోసవే తీసుంచినాను."

ఊరెళ్ళిందని అబద్ధం చెప్పాను. వచ్చాక పంపించమంది. సరేనని వచ్చేశాను. అప్పట్నుంచీ ఆ దారిన వెళ్ళడం లేదు.

ఆసుపత్రిలో పథ్యం చెప్పే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. అందులో ఒక వరుస ఇలా ఉంది: పప్పు, దుంపలు, కూరగాయలు ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండుకోవాలి. అది చదివి నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. ఇది వంట రానివాళ్ళు రాసిన కాగితం అనుకున్నాను. పప్పు ఉడికాక పైన తేరే నీళ్ళని కట్టు అంటాం. పప్పులో ఉన్న బలమంతా ఆ కట్టులోనే ఉంటుందని మా అమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. కట్టు చారు పెట్టుకోవడానికే మా అమ్మ పప్పులో నాలుగు గ్లాసులు ఎక్కువ నీళ్ళు పోసేది. కూర ఉడికిన నీళ్ళు తొట్లో పోస్తే మా ఇంట్లో తిట్లు పడేవి. పారబొయ్యమన్నది గ్యాస్ పట్టకుండా ఉండడానికి కాబోలు అనుకున్నాను. నాకు తెలిసిన పథ్యం అంటే ఉప్పు మానెయ్యడం. ఉప్పు మానేశాను కదా, ఇంకేం కావాలి?

అయినా వారం రోజులు కాగితంలో ఉన్నట్టే చేశాను. పప్పు ఉడికించి, కట్టు వంచి, మిగిలిన పిప్పి ఆవిడకి పెట్టాను. దుంపలు ఉడికించి, నీళ్ళు వంచి, చప్పిడి ముక్కలు పెట్టాను. ఆ నీళ్ళు మాత్రం పారబొయ్యడానికి చేతులు రాలేదు. పప్పు కట్టూ, దుంపల నీళ్ళూ ఒక గిన్నెలో పోసి నా కోసం చారు పెట్టుకున్నాను. ఆవిడ నాలుగు ముద్దలు తిని కంచం జరిపేసేది. నోరంతా ఇనప రజను నమిలినట్టుందనేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని కొలత ఉండడంతో నాలుక పిడచకట్టుకుపోయేది.

ఒక మధ్యాహ్నం నేను చారుకి పోపు పెడుతున్నాను. ఆవాలు చిటపటలాడాయి, ఇంగువ వేశాను, కరివేపాకు దూసి వేశాను. ఆవిడ మంచం మీదనుంచి లేచి, గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నెలల తర్వాత తనంతట తాను వంటింట్లోకి రావడం అదే.

"ఏటండీ అది?"

"చారు."

"ఒక్క గరిటెడు ఎయ్యరా?"

ఆలోచించాను. ఉప్పు వెయ్యలేదు. చింతపండు వెయ్యలేదు, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండాను. మిరియాలు, జీలకర్ర. ఒంట్లో బాగోలేని మనిషికి చారన్నం పెట్టడం తప్పెలా అవుతుంది? ఈ ఊళ్ళోనే కాదు, ఎక్కడైనా జబ్బు మనిషికి ముందు పెట్టేది చారే కదా. గిన్నెలో పోసి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని తాగింది. తాగి, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"పేనం లేచొచ్చిందండీ" అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ రోజునుంచీ రోజూ చారు పెట్టాను. మంచినీళ్ళ కొలతలోంచి పూటకో గ్లాసు తగ్గించుకుని ఆవిడ చారు తాగేది. నేను ఇంకా ఉత్సాహపడ్డాను. ఒకరోజు ములక్కాడలు ఉడికిన నీళ్ళు కలిపాను, ఒకరోజు గుమ్మడికాయవి. ధనియాలు వేయించి దంచాను. డ్యూటీలో క్రేన్ కేబిన్‌లో కూచుని కూడా రేపు చారులో ఏం వెయ్యాలా అని ఆలోచించేవాణ్ణి. ఆవిడ అన్నం కలుపుకుని తింటోంది. నా వంటే ఆవిణ్ణి నిలబెట్టిందని నాకు గర్వం. పొగరనే అనాలి.

పదిహేను రోజులు తిరక్కుండా ఒక ఆదివారం పొద్దున్న బాత్రూం దగ్గర కూలబడిపోయింది. కాళ్ళు లేవడం లేదు. నాడి పట్టుకుంటే ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తంలో పొటాషియం గుండె ఆగిపోయేంత పెరిగిపోయిందన్నారు. అప్పటికప్పుడు డయాలిసిస్ పెట్టారు. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు.

మూడో రోజు పథ్యం చెప్పే అమ్మాయి నన్ను పిలిచి కూచోబెట్టింది. ఏమేం పెడుతున్నారో ఒక్కటొక్కటే చెప్పండి అంది. నేను చెప్పాను. తప్పంతా ఆ శాండ్‌విచ్‌ల్లోనే ఉందని నా అనుమానం. చారు సంగతికి వచ్చేసరికి మాత్రం కాస్త గర్వంగానే చెప్పాను, కట్టు ఎలా వంచుతానో, దుంపల నీళ్ళు ఎలా కలుపుతానో. ఆ అమ్మాయి రాసుకోవడం ఆపేసింది.

"సార్, ఆ నీళ్ళు ఎవరు తాగుతున్నారు?"

"మా ఆవిడ."

ఆ అమ్మాయి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పప్పులోనూ దుంపల్లోనూ ఉన్న పొటాషియం ఆ నీళ్ళలోకి దిగుతుందనీ, అందుకే పారబొయ్యమన్నామనీ మెల్లగా చెప్పింది. పిప్పి పెట్టాల్సిన మనిషికి నేను వడగట్టి, ఏరి, పోపు పెట్టి మరీ విషం పోశాను. రోజుకి రెండు గిన్నెలు. కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. చదువుకున్నవాణ్ణే. కానీ నాకు వంట వచ్చు కదా, నాకెవరు చెప్పాలి?

వార్డులోకి మార్చాక ఆవిడకి చెప్పేశాను. దాచడం నా వల్ల కాలేదు. మంచం పక్క స్టూలు మీద కూచుని, నా చారు వల్లే ఇలా అయిందని చెప్పాను. ఆవిడ కిటికీవైపు తిరిగింది. అటే చూస్తూ అంది:

"నాకు తెల్సండి."

"ఏం తెలుసు?"

"డయాలిసిస్ కాడ పక్క మంచం ఆవిడ, ఆల్ల కోడలుకి సెప్తంటే ఇన్నాను. పప్పు నీల్లు పారబొయ్యకపోతే పేనం మీదకొస్తాదని. మీరు సారు పెట్టిన మూడో రోజే ఇన్నాను."

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను.

"సెప్తే మానీస్తారు కదండీ."

అంతే అంది. ఏడవలేదు. నన్ను తప్పు పట్టలేదు. నేనే వార్డు బయటికి వచ్చి, నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి గట్టిగా ఏడ్చాను. పెళ్ళికి ముందునుంచీ, ముప్పై ఏళ్ళుగా వండుతున్నాను. నా చేతి వంట బావుందని ఎవరెవరో అన్నారు. ప్రాణం పోయినా ఫరవాలేదనుకుని తాగినది మాత్రం ఆవిడొక్కతే. ఆ మెచ్చుకోలు ఏం చేసుకోను నేను?

ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. ఇప్పుడు కాగితంలో ఉన్నదున్నట్టే వండుతున్నాను. నా కోసం కూడా చారు పెట్టుకోవడం లేదు, ఆ వాసన ఆవిడకి తగలకూడదు. ఇంగువ డబ్బా తీసి పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. బెల్లం తగువులో చివరికి నేనే గెలిచాను, ఇంట్లో బెల్లం ముక్క లేదు. ఆవకాయ కూడా లేదు. పెరుగన్నంలో నంజుకోడానికి ఏమీ లేక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తింటాం.

పప్పు ఉడికాక కట్టు తొట్లో పొయ్యడం రోజూ పెద్ద పనే నాకు. మొదట్లో ఆ చప్పుడు వినిపించకుండా కుళాయి తిప్పేవాణ్ణి. ఆవిడ గదిలోంచి, "కులాయి కట్టీండి, నీల్లు పోతన్నాయి. నాకు తెలీదేటి?" అంది. కట్టేశాను. ఆ తర్వాత రోజూ అదే వేళకి గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

"ఒక్క గరిటెడు ఉంచండీ."

"వద్దు."

"అరగరిటె."

"వద్దన్నాను కదా."

తలుపుకి ఆనుకుని చూస్తూ ఉండేది. నేను వెనక్కి తిరక్కుండా పోసేవాణ్ణి. ఎన్నోసార్లు విసుక్కున్నాను కూడా, చిన్నపిల్లలా ఏమిటిదని. ఆవిడ అడగడం మానేస్తే చాలు, నా బతుకు తేలికవుతుందనుకున్నాను.

పది రోజులనుంచి అడగడం లేదు. గుమ్మందాకా కూడా రావడం లేదు. పెట్టినదేదో తింటుంది, బావుందండీ అంటుంది, వెళ్ళి పడుకుంటుంది. శాండ్‌విచ్ కూడా పూర్తిగా తింటోందని ఆసుపత్రిలో నర్సు సంతోషపడింది.

ఇవాళ పప్పు దించి, గిన్నె వంచే ముందు చాలాసేపు ఆగాను. గరిటెతో కావాలనే గట్టిగా చప్పుడు చేశాను. మంచం కిర్రుమనలేదు. కట్టు చల్లారిపోయింది. పోసేశాను.