అనాస అచ్చులో ఉప్పు

సేక్కాన్ రేవు ఎదుటి హోటల్లో నన్ను కోల్డ్ సెక్షన్ చీఫ్‌గా వేసింది కోవిడ్ సద్దుమణిగిన ఏడు, వానలు మొదలైన వారంలో. సలాడ్లు, పుడ్డింగులు, ఐస్‌క్రీములు చూసే విభాగం అది. హోదాలో హెడ్ షెఫ్‌కి రెండు మెట్లు కింద. నా లెక్కలో ఇంద్రుడికి అర మెట్టు పైన.

ఆ పని నాకు నేర్పింది నాకు ముందు చీఫ్‌గా చేసి రిటైరైన డా నరసమ్మ గారు. ఇక్కడ బర్మీస్ పద్ధతిలో పెద్ద ఆడవాళ్ళ పేరుకు ముందు ‘డా’ అంటాం. ఆవిడకు విక్టోరియా రాణి కాలం నాటి ఐస్‌క్రీము అచ్చులు పన్నెండు ఉండేవి. అన్నీ తగరంవి. నెమలి అచ్చు ఎక్కిస్తే సైకిల్ రిక్షా ముందు చక్రం గాల్లోకి లేచేది.

రెండేళ్ళ తర్వాత ఒకరోజు ఆవిడ పజుండౌంగ్‌లోని వాళ్ళింటి నుంచి ఫోన్ చేశారు.

“పాత సామాన్లోడు రెండుసార్లొచ్చినాడ్రా అప్పన్నా. అచ్చులు ఆడికిచ్చీమంటావా, నువ్వు ఉంచుకుంటావా? అనాస అచ్చు పంపుతన్నాను. ఆదోరం వత్తాను, సేసి సూపించు.”

అంటే పరీక్ష. తప్పితే నా నెమలి ఎవరి హాల్లోనో అలంకారమైపోతుంది.

అనాస అచ్చు రెండు చెక్కలు, మధ్యన బందు. చిలికిన ఐస్‌క్రీము రెండింటిలోనూ గాలి లేకుండా కూరి, మూసి, అతుకు చుట్టూ వెన్న మెత్తాలి. కాగితం చుట్టి, దంచిన ఐసు, ఉప్పు కలిపిన చెక్క బకెట్లో రెండు గంటలు పాతిపెట్టాలి. కరెంటుతో పని లేదు. పూటపూటకీ కరెంటు పోయే మా ఊళ్ళో అదొక్కటే ఈ విద్యకు మిగిలిన గొప్ప.

ఆదివారం పొద్దున్న నా భక్తి పొంగి ఇరావతి అయింది. ఆయుధపూజకు పెట్టినట్టు అచ్చుకు పసుపు రాసి, కుంకం పెట్టి, దండం పెట్టాకే పనిలోకి దిగాను.

మధ్యాహ్నం ఆవిడ ఎదుటే అచ్చు చన్నీళ్ళలో ముంచి తెరిచాను. ప్రతి కన్నూ తేరి, ముల్లు ముల్లుగా లేచింది అనాస. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, ఒక ముక్క కోసి, నిదానంగా తిన్నారు.

“నా సేతిదిలాగే ఉందిరా. అచ్చులు నీయే.”

నేను ఉబ్బి తబ్బిబ్బై అచ్చులో మిగిలింది గీరి నోట్లో వేసుకున్నాను. సముద్రం! అతుకు చూస్తే అంచున ఎండిన పసుపు బెడ్డ. చెక్కలు వెంట్రుకవాసి కలవలేదు, ఉప్పునీళ్ళు లోపలికి దిగాయి.

ఆవిడ రెండో ముక్క తింటున్నారు. ముఖంలో ఏ మార్పూ లేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఊరుకుంటే అచ్చులు నావే.

“అమ్మా, ఆపండి. ఉప్పెక్కింది.”

చెంచా ఆగింది. “ఎంత?”

“ఎండుచేపంత.”

ఆవిడ పళ్ళెం పక్కకు జరిపారు. “నా నాలిక్కి రుచి తెలీడం మానేసి రెండేళ్ళయిందిరా. అందుకే పని ఒగ్గేసినాను. ఇంట్లో ఎవులికీ సెప్పనేదు.”

తర్వాత అచ్చు అందుకుని అంచు మీద గోటితో గీరారు.

“ఇదేటిరా, పసుపా? దీనికి పూజ సేసినావా? పెళ్ళి కూడా సెయ్యకపోయావా, ఎర్రోడా!”

కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నవ్వినందుకే తుడుచుకున్నారని నేను అనుకోలేదు.

“మల్లీ సెయ్యి. కూకుంటాను. ఆకారం నేను సూత్తాను, రుచి నువ్వు సెప్పు.”

సాయంత్రానికి రెండో అనాస లేచింది. ఆవిడ చెంచా చెంచాకీ ఆగి నా వైపు చూశారు. చెప్పాను: మొదట చల్లదనం, తర్వాత తీపి, చివర కొంచెం పులుపు, అడుగున పాలు. జన్మలో మొదటిసారి ఉన్నదానికి గోరంత కూడా కలిపి చెప్పలేదు. ఆవిడ తలూపుతూ ముక్క పూర్తి చేశారు. అచ్చులు పన్నెండూ మర్నాడు మా ఇంటికి వచ్చాయి.

వంటింట్లో మొదటి చెంచా చేసినవాడే తినాలి, తిన్నది తిన్నట్టు చెప్పాలి. మోకాళ్ళు మొరాయించి యాభై నాలుగుకే రిటైరయ్యేదాకా నేను ఆ నియమం తప్పలేదు.