హాలిస్ కోరి తెచ్చుకున్న శనివారం

హాలిస్ సెలూన్‌లో మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుని కూర్చున్నవాడికి ఇక పారిపోయే దారి ఉండదు. కత్తెర చెవి దగ్గరికి వచ్చేదాకా ఆగి హాలిస్ మొదలుపెడతాడు. "నువ్వే చెప్పు, పరుగుపందెంలో ఎవడు గెలిచాడో ఓట్లేసి తేలుస్తారా?" చెవి దగ్గర కత్తెర ఉన్నవాడు ఏమంటాడు, తేల్చరనే అంటాడు. ఆ విధంగా అమెరికా దక్షిణాన మా ఊళ్ళో మగవాళ్ళందరూ కాలేజీ ఫుట్‌బాల్‌కి ప్లేఆఫ్ ఉండాలని, అంటే మేటి జట్లు ఒకదానితో ఒకటి ఆడే విజేతని తేల్చుకోవాలని, ఒప్పుకున్నవాళ్ళే. ఒక్క చర్చి పెద్ద, డీకన్ ఓటిస్ తప్ప. ఆయనకి బట్టతల, పైగా చెవుడు.

సెలూన్ మా వరండాకి ఎదురుగా ఉంటుంది. అక్కడ జరిగేది నాకు కనిపిస్తుంది, కనిపించనిది వినిపిస్తుంది, అదీ కాకపోతే వెళ్ళి అడుగుతాను. అందుకే హాలిస్ బార్గర్ సంగతి రాయాలంటే నేనే రాయాలి.

హాలిస్ వాళ్ళ నాన్న సెలూనే అది. కుర్రతనంలో కాలేజీ జట్టులో చోటు దొరికింది. ఆడింది తక్కువ, కూర్చున్నది ఎక్కువ. "బెంచీ అరిగింది గాని నా బూట్లు అరగలేదు" అని తనే చెప్పి నవ్వేవాడు. ఆ తర్వాత సంగతికి వస్తే మాత్రం నవ్వు ఆగిపోయేది. ఆ ఏడు మా కాలేజీ ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆ రోజుల్లో ఆఖరి పోటీ అంటూ ఏదీ లేదు. ఏడాది చివర పేపర్లవాళ్ళు ఓట్లు వేసేవాళ్ళు, ఎక్కువ ఓట్లు వచ్చిన జట్టే దేశానికంతటికీ విజేత. ఆ ఓట్లు ఉత్తరాన ఏదో పెద్ద కాలేజీకి వెళ్ళాయి. వాళ్ళు ఒక ఆట గెలవకుండా ఓడకుండా ముగించారు కూడా. వాళ్ళకి విజేతల ఉంగరాలిచ్చారు. మావాళ్ళతో చేయి కలిపి పంపేశారు.

"మా ఆట ఒక్కటి కూడా చూడనివాళ్ళు మమ్మల్ని రెండో స్థానంలో పెట్టారు. వాళ్ళతో ఒక్కసారి ఆడనిస్తే సరిపోయేది. ఓడిపోతే ఓడిపోయేవాళ్ళం" అనేవాడు హాలిస్. కత్తెర పట్టినప్పటినుంచీ ఇదే మాట.

ఇక లవేడా సంగతి. సెలూన్ పక్క గదిలో బట్టలు సరిచేసే దుకాణం ఆమెది. ఆదివారాలు చర్చిలో పియానో వాయిస్తుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది, ఒక్కటి కూడా జారదు. హాలిస్‌కి ఎదురు మాట్లాడగలిగినది ఈమె ఒక్కతే, ఎందుకంటే ఈమె జుట్టు తనే కత్తిరించుకుంటుంది.

సాయంత్రాలు మా వరండాలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటూ ఇద్దరూ వాదించుకునేవాళ్ళు.

"పాత పద్ధతికేం తక్కువ హాలిస్? కొత్త సంవత్సరం నాటికి ప్రతి మంచి జట్టూ ఏదో ఎండ కాసే ఊరికి వెళ్ళి ఒక ఆట ఆడేది. సగం జట్లు గెలిచి ఇంటికొచ్చేవి. అన్ని ఊళ్ళూ పండగ చేసుకునేవి. నీ ప్లేఆఫ్‌లో చివరికి నవ్వేది ఒక్క ఊరు. మిగతావాళ్ళంతా ఏడుస్తూ పడుకోవడమే."

"ఏడ్చినా నిజం తెలిసి ఏడుస్తారు."

"ఆ నిజాన్ని ఏం చేసుకుంటావు, ఊరగాయ పెడతావా?"

వాదిస్తూనే హాలిస్ కాయలు వలిచి గింజలు ఆమె గిన్నెలో వేసేవాడు. తను తినేవాడు కాదు. అది చూసి నాకు విషయం అర్థమైంది. వాళ్ళకి అర్థం కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

హాలిస్ పెళ్ళి మాట ఎత్తితే లవేడా వద్దంది. "సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, ఫుట్‌బాల్ ఉన్నన్నాళ్ళూ, నువ్వు ఎవరి మొగుడివీ కాలేవు" అంది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వద్దంది. ఇక ఉండబట్టలేక నేనే వెళ్ళి అసలు సంగతి ఏమిటని అడిగాను. నోట్లో సూదులు తీసి చెప్పింది.

ఆమె మొదటి పెళ్ళి అక్టోబరులో శనివారం. వాళ్ళది టెనెసీ కొండల్లో ఊరు, మా ఊళ్ళో శనివారమంటే ఆట రోజని తెలియక ముహూర్తం పెట్టేశారు. వచ్చినవాళ్ళలో సగం మంది కోటు జేబులో రేడియో, చెవిలో తీగ. ఆమె ప్రమాణం చెబుతుంటే తోడుపెళ్ళికొడుకు "పట్టుకో, పట్టుకో" అని కేకేశాడట. చర్చి మొత్తం అతనివైపు తిరిగింది. పెళ్ళికొడుకు కూడా.

"నా పెళ్ళిలో నన్ను చూసినవాళ్ళు లేరు నెటీ అక్కా. ఈసారంటూ చేసుకుంటే ఆట లేని శనివారం కావాలి. చర్చి నిండా జనం ఉండాలి. నేను ప్రమాణం చెప్పేటప్పుడు అందరూ నన్నే చూడాలి. అంతే."

ఆ మాట హాలిస్‌కి చేరవేసింది నేనే. అతను అప్పటికప్పుడు లవేడా దగ్గరికి వెళ్ళి, డిసెంబరు మూడో శనివారం, మధ్యాహ్నం రెండింటికి, అన్నాడు. మా ఊళ్ళో ఆ శనివారం పెళ్ళిళ్ళ కోసమే పుట్టింది. మామూలు ఆటలు అప్పటికి అయిపోతాయి, కొత్త సంవత్సరం ఆటలు ఇంకా రావు. లవేడా ఒప్పుకుంది. అది వసంతకాలం, ఫుట్‌బాల్ ఎవరికీ గుర్తులేని రోజులు.

ప్లేఆఫ్ అప్పటికే వచ్చి కొన్నేళ్ళయింది, నాలుగు జట్లతో. "నలుగుర్ని పిలిచి ఊరందరికీ భోజనం పెట్టామంటే ఎలా" అని హాలిస్ దానిమీద కూడా అరిచాడు. ఆ ఏడు పన్నెండు జట్లకి పెంచారు. మొదటి రౌండు డిసెంబరు మూడో శనివారం, అదీ పై స్థానంలో ఉన్న జట్టు సొంత మైదానంలో. ఇది పేపర్లో పడింది, టీవీలో చెప్పారు. అయినా మేము పట్టించుకోలేదు. మా జట్టు ఏళ్ళ తరబడి ఎవరితో ఆడినా ఓడుతోంది. ప్లేఆఫ్ అంటే అది వేరే ఊళ్ళ గొడవ అనుకున్నాం.

సెప్టెంబరులో మావాళ్ళు గెలవడం మొదలుపెట్టారు. అక్టోబరులోనూ గెలిచారు. హాలిస్ ముందు పొంగిపోయాడు. నవంబరు వచ్చేసరికి సెలూన్‌లో చప్పుడు తగ్గింది. జనం ప్రశాంతంగా జుట్టు కత్తిరించుకుని వస్తున్నారు. ఇది మంచి లక్షణం కాదని నేను వెళ్ళాను.

"ఏంటి హాలిస్, గొంతు పోయిందా?"

కత్తెర తుడుస్తూ తలుపువైపు చూశాడు. "నిన్న ఆట చూస్తుంటే, ఇది ఓడిపోతే బాగుండునని అనిపించింది నెటీ అక్కా. నేనిలా అన్నానని ఎవరితో అనకు."

"నేనెవరితో అంటాను" అన్నాను. లవేడాతో మాత్రమే అన్నాను.

డిసెంబరు మొదట్లో ఆదివారం మా ఇంట్లో టీవీ ముందు అందరూ చేరారు. పన్నెండు జట్ల పేర్లూ ఒక్కొక్కటే తెరమీదికొచ్చాయి. మా కాలేజీ పేరు వచ్చింది. ఆట మా మైదానంలోనే అని వచ్చింది. జనం ఎగిరి గంతేశారు. శనివారం, పన్నెండింటికి, అని వచ్చింది. పన్నెండింటికి మొదలైన ఆట మూడు దాటితేగాని అవదు. గంతేసినవాళ్ళు మెల్లగా కూర్చుని, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లవేడావైపు చూశారు.

ఆమె గిన్నెలోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది. "ఇన్నేళ్ళు అడిగావు హాలిస్. ఇచ్చారు. తీసుకో."

ఆ తర్వాత హాలిస్‌ని ఊరు ఊరంతా పీక్కుతింది. తోడుపెళ్ళికొడుకులందరికీ టికెట్లున్నాయి. పాటలు పాడేవాళ్ళకీ ఉన్నాయి. మా పాస్టరు బ్రదర్ వీలన్‌కి కూడా ఉన్నాయి, ఆ మాట ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు. పెళ్ళికి ముందు బుధవారం చర్చి భోజనాల తర్వాత విషయం సభ ముందుకొచ్చింది. మాది బాప్టిస్టు చర్చి. తివాచీ రంగు మార్చాలన్నా, కాఫీ కాచే గిన్నె కొనాలన్నా చేతులెత్తి ఓటెయ్యాల్సిందే.

"పెళ్ళి జనవరికి జరిపితే ఎలా ఉంటుందని సోదరుల అభిప్రాయం" అన్నాడు పాస్టరు. "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

గదినిండా చేతులు లేచాయి. ఓటిస్ ఎత్తలేదు, ఆయనకి ప్రశ్న వినపడలేదు. నేనూ ఎత్తలేదు. లవేడా మోకాళ్ళమీద చేతి సంచి సర్దుకుంటూ కూర్చుంది.

"ఓట్లే మంచివని ఇన్నాళ్ళూ వాదించిందాన్ని నేను" అంది. "ఇప్పుడు కాదంటే బాగుండదు. జనవరికే కానివ్వండి." నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

అప్పుడు హాలిస్ లేచాడు. "పాస్టరుగారూ, ఈ పెళ్ళి ఎవరిది?"

"మీ ఇద్దరిదే హాలిస్, అందులో అనుమానమేముంది?"

"మరి బరిలో లేనివాళ్ళంతా ఓట్లెందుకేశారు?"

ఎత్తిన చేతులు కొన్ని దిగాయి.

"నేను పుట్టి బుద్ధెరిగిన తర్వాత అరిచిందంతా దీనిమీదే. ఆటలో లేనివాళ్ళు ఓట్లేసి తేల్చకూడదని. ఇప్పుడు నా పెళ్ళి దగ్గరికొచ్చేసరికి, నాకు పనికొస్తుంది కదా అని, ఓట్లు సరైనవే అనమంటారా? శనివారం రెండింటికి నేను చర్చిలో ఉంటాను. లవేడా వస్తే పెళ్ళి. మిగతా ఎవరొస్తే వాళ్ళు."

"ఒరేయ్ హాలిస్, మన మైదానంలో ప్లేఆఫ్‌రా. మన జన్మలో మళ్ళీ వస్తుందో రాదో" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"తెలుసు" అన్నాడు హాలిస్. "నాకంటే బాగా ఎవడికి తెలుసు?"

లవేడా సంచి సర్దడం మానేసి హాలిస్‌వైపు చూసింది. 

మర్నాడు సెలూన్‌కి వెళ్ళి, నీ టికెట్ ఏం చేశావని హాలిస్‌ని అడిగాను. "అద్దం అంచున దోపి లోపలికెళ్ళాను. కావలసినవాడు తీసుకున్నాడు. ఎవడో చూడలేదు. చూస్తే మళ్ళీ వాడి జుట్టు సరిగ్గా కత్తిరించలేను."

శనివారం మా వీధిలో కుక్క కూడా లేదు. చర్చికి రెండు వీధుల అవతలే మైదానం. లవేడా వాళ్ళ చెల్లెలు ఊరందరికీ సరిపడా వండేసింది. వేయించిన కోడి, మసాలా కూరిన గుడ్లు, చీజు సాండ్‌విచ్‌లు, పెద్ద డ్రమ్ముతో తియ్యటి ఐస్ టీ. పెళ్ళికొడుకు కేకు మా ఆచారం ప్రకారం వేరేగా, చాక్లెట్‌తో, కోలగా ఫుట్‌బాల్ ఆకారంలో చేసింది. తినేవాళ్ళేరి? చర్చిలో నేను, ఆ చెల్లెలు, ఓటిస్, మంచు పడ్డా ఆదివారం మానని ముసలమ్మలు కొందరు. బ్రదర్ వీలన్ వచ్చాడు. ముఖం చూస్తే తన టికెట్లు ఎవరికిచ్చాడో ఇంకా తలుచుకుంటున్నట్టే ఉంది.

తీరా చూస్తే పియానో వాయించేవాళ్ళు లేరు. లవేడా బదులు వాయించాల్సిన అమ్మాయి మైదానంలో ఉంది. లవేడా తలుపు దగ్గర నిలబడి ఒక్క క్షణం ఆలోచించింది. నీలం గౌను కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని సరాసరి పియానో దగ్గరికెళ్ళి కూర్చుని, తన పెళ్ళిపాట తనే వాయించుకుంది. పాట అయిపోయినా లేవలేదు. హాలిసే పాస్టరు దగ్గరనుంచి కదిలి, ఆమె దగ్గరికి నడిచి వెళ్ళి నిలబడ్డాడు. పాస్టరు పుస్తకం పట్టుకుని వెనకాల వెళ్ళాడు. పెళ్ళి పియానో పక్కనే జరిగింది.

లవేడా ప్రమాణం మొదలుపెట్టింది. సగంలో ఉండగా మైదానం నుంచి గోల లేచింది. కిటికీ అద్దాలు కదిలాయి. పాస్టరు తల కిటికీవైపు తిరిగింది. చెల్లెలి తల తిరిగింది. నా తలా తిరిగింది, అబద్ధమెందుకు. తిప్పనివాళ్ళు ఇద్దరే, చెవిటి ఓటిస్, పెళ్ళికొడుకు హాలిస్. హాలిస్ చెవులు మాత్రం టమాటాల్లా ఎర్రబడ్డాయి.

లవేడా ఆగింది. "మనవాళ్ళదేనా ఆ అరుపు?"

"నాకేం తెలుసు" అన్నాడు హాలిస్ ఆమెనే చూస్తూ. "నువ్వు చెప్పేది చెప్పు."

ఆ అరుపు ఎవరిదో హాలిస్‌కి నిద్రలో కూడా తెలుస్తుంది. నాకు తెలిసి అతను చెప్పిన మొదటి అబద్ధం అదే, అదీ పాస్టరు ముందు. లవేడా మిగతా ప్రమాణం చెప్పింది. ఒక్క మాట కూడా తడబడలేదు.

వాళ్ళు ఉంగరాలు మార్చుకున్నాక అందరం మెట్లమీదికొచ్చాం. వాళ్ళిద్దరూ కూర్చుని ముసలమ్మలతో కబుర్లు చెబుతుండగా మైదానం నుంచి జనం రావడం మొదలైంది. చప్పుడు లేదు. మా జట్టు మెరూన్ చొక్కాలు వీధి నిండా, తలలు వంచుకుని. అడగక్కర్లేకపోయింది. అయినా నేను అడిగాను. చివరి నిమిషంలో పోయిందట.

లవేడా లేచి మెట్ల చివరికెళ్ళింది. "ఎక్కడికి పోతున్నారు అలా ముఖాలు వేలాడేసుకుని? లోపల కోడి చల్లారిపోతోంది."

ముందు పాడేవాళ్ళు వచ్చారు, సిగ్గుపడుతూ. వెనక తోడుపెళ్ళికొడుకులు. ఆ వెనక ఊరు. హాలు సరిపోక గడ్డిమీద కూర్చున్నారు. వచ్చిన ప్రతివాడూ ముందు లవేడా దగ్గరికెళ్ళి, ఆమెనూ నీలం గౌనునూ చూసి, బాగున్నావమ్మా అని అప్పుడే పళ్ళెం తీసుకున్నాడు. ఆ రోజు చూడ్డానికి వాళ్ళకి ఇంకేమీ మిగల్లేదు మరి.

"ఏమంటావు హాలిస్?" అంది లవేడా కేకు కోస్తూ. "ఓట్ల కాలమైతే కొత్త సంవత్సరానికి ఫ్లోరిడా ఎండలో ఆడుతుండేవాళ్ళం."

"ఓడిపోయాం" అన్నాడు హాలిస్. ఆ మాట నోట్లో తిప్పి రుచి చూసినట్టు మళ్ళీ అన్నాడు. "ఆడి ఓడిపోయాం. ఇందులో వాదించడానికేమీ లేదు." భుజాలు దిగి హాయిగా కనిపించాడు. వాదించడానికేమీ లేనప్పుడు హాలిస్ అలా ఉంటాడని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

అవతలి జట్టు అభిమానులు కూడా దారి తప్పి ఇటే వచ్చారు, వాసన పట్టుకుని. ముఖానికి ఆకుపచ్చ రంగు పూసుకున్న ఒక పెద్దమనిషి గేటు దగ్గరే ఆగిపోయాడు, రావచ్చో లేదో తెలియక.

"రమ్మను ఆయన్ని" అంది లవేడా. "పెద్ద ముక్క పెట్టు హాలిస్. పాపం, కొత్త సంవత్సరానికి తర్వాతి రౌండులో వీళ్ళూ ఓడిపోతారు."