గుర్రపుడెక్క తీసిన టీచరుగారు

మా సైన్సు టీచరుగారు పోయిన నెల ఒక తెల్లవారుజామున బీరంగూడలోని తమ ఇంట్లో కన్నుమూశారు. చాన్నాళ్ళుగా గుండె జబ్బుతో ఉన్నారు కాబట్టి ఊహించని కబురేమీ కాదు. ఫోను పెట్టేశాక ముందుగా మా అన్నకు చెప్పాను. అన్న కర్దనూర్ దగ్గర మా ఊరి చెరువులో చేపలు పట్టుకుని బతికే మనిషి. "ఇయ్యాల వల ఎయ్య, చెల్లే. అందరం వస్తం" అన్నాడు.

ఆమె నాకు పాఠం చెప్పిన టీచరు కాదు. ఒకే బడిలో ఆమె సైన్సు, నేను తెలుగు చెప్పేవాళ్ళం. వయసులో మా అమ్మంత. భర్తకు ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో పెళ్ళైన కొత్తలోనే కోస్తా నుంచి వచ్చారట. ఇన్నేళ్ళున్నా మాట మారలేదు. మా మాటల్లో 'జెర' ఒక్కటే ఇష్టపడి నేర్చుకున్నారు. "జెర ఆ సుద్దముక్క ఇలా ఇవ్వమ్మా" అంటుంటే స్టాఫ్ రూమంతా నవ్వేవాళ్ళం.

ఆమె మా చెరువుకు రావడానికి కారణం మా బర్రె. ఒక ఏడాది చెరువంతా గుర్రపుడెక్క మొక్క కమ్మేసింది. ఒడ్డున నిలబడితే కింద నీళ్ళున్నాయని తెలిసేది కాదు, పచ్చిక బయలనిపించేది. చూడి బర్రె మేత అనుకుని దాని మీదికి పోయింది. వేళ్ళూ కాడలూ కాళ్ళకు చుట్టుకుని బయటికి రాలేకపోయింది. అన్న తాడు పట్టుకుని దిగేసరికే అంతా అయిపోయింది. బడిలో ఈ సంగతి చెప్పి నేను ఏడిస్తే, ఆమె ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "ఆదివారం చర్చి అయ్యాక వస్తాను, చెరువు చూపించు" అన్నారు.

వచ్చారు. భర్త ఒకప్పుడు డ్యూటీకి వేసుకెళ్ళిన పాత బూట్లు తొడుక్కుని, కుచ్చిళ్ళు ఎత్తి దోపి బురదలోకి దిగారు. ఒక మొక్కను లాగి ఉబ్బిన కాడను చిదిమి చూపించారు. లోపలంతా గాలే. "దీని బలమంతా ఇదమ్మా, మునగదు" అన్నారు. లేత ఊదా పువ్వును చూసి "ఎంత బాగుందో" అని కూడా అన్నారు. అన్నకు ఒళ్ళు మండింది.

"గీ పువ్వే మా కడుపు గొడుతున్నది టీచరమ్మా. మందు గొట్టిస్త, వారంల మాడిపోతది."

"మాడి ఎక్కడికి పోతుందయ్యా? ఇంత గుబురూ నీళ్ళలోనే మునిగి కుళ్ళుతుంది. అప్పుడు నీ చేపలకు ఊపిరాడదు."

"మరేం జెయ్యమంటరు? చేత్తోని పీకాల్నా?"

"చేత్తోనే. నేనూ పీకుతాను."

అన్న నమ్మలేదు. కానీ మరుసటి ఆదివారం ఆమె మళ్ళీ అవే బూట్లతో కనబడేసరికి, సిగ్గేసిందో ఏమో, తానూ దిగాడు. వెనకే ఇంకొందరు దిగారు. గాలి ఎటు తోస్తే గుర్రపుడెక్క అటు చేరుతుంది. ఏ వేళకు ఎటు వీస్తుందో అన్నకు తెలుసు. వెదురు బొంగులు వరసగా తాడుతో కట్టి నీళ్ళ మీద అడ్డం వేసి, అక్కడ చేరినదాన్ని ఒడ్డుకు లాగేవారు.

ఆ కుప్పలను ఎరువు చేసుకోవచ్చని మొదట చెప్పింది ఆమే. కొందరు పాలకూర మళ్ళకు మోసుకుపోవడానికి సిద్ధమయ్యారు. తర్వాతి వారం వస్తూనే అందర్నీ పిలిచారు. "తొందరపడి చెప్పాను, తప్పైంది. ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే కాలువ ఈ చెరువులోనే కలుస్తోంది. నీళ్ళలో ఏముంటే అది ఈ మొక్క పీల్చుకుంటుంది. పరీక్ష చేయించకుండా తినేవాటికి వేయొద్దు."

"గదేంది, పోయిన వారం ఒక తీరు జెప్తిరి, ఇప్పుడొక తీరు జెప్తున్రు" అని ఒకాయన విసుక్కున్నాడు.

"పోయిన వారం నాకు తట్టలేదు నాయనా" అన్నారు, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా. కుప్పలన్నీ ఊరికి దూరంగా మొరం నేలలో గుంత తీసి పూడ్చారు. తప్పయిందని అంత తేలిగ్గా, అంతమందిలో ఒప్పుకున్న పెద్దవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఎండలు ముదిరేలోపు చెరువు నడుమ నీళ్ళు కనబడ్డాయి. అన్న చాలా కాలానికి తన గుండ్రటి పుట్టిని నీళ్ళలోకి దింపి వల వేశాడు. అంతలో వానలొచ్చాయి. పై చెరువు అలుగు పారి గుర్రపుడెక్క మళ్ళీ కొట్టుకొచ్చింది. అన్న కట్ట మీద కూలబడ్డాడు.

"అంత బేకారైంది టీచరమ్మా. ఇగ నాతోని గాదు."

ఆమె పక్కనే కూర్చుని ఫ్లాస్కులో టీ వంచి ఇచ్చారు. "రేపు మళ్ళీ దుమ్ము పడుతుందని ఇల్లు ఊడవడం మానేస్తామా?"

"ఊడ్సేది మా ఇంటామె, నేను గాదు."

"అయితే ఆమెను పిలువు, నువ్వు ఇంటికెళ్ళు!"

అందరూ పగలబడి నవ్వారు. అన్న కూడా నవ్వి లేచాడు. ఆ ఏడాది నీళ్ళు లోపలికొచ్చే చోటే వెదురు తడక కట్టారు. మా వదిన నిజంగానే పనిలోకి దిగింది, మళ్ళీ మానలేదు.

గుండె బాగోలేదని డాక్టర్లు వద్దన్నాక కూడా ఆమె ఆటోలో వచ్చి కట్ట మీద కూర్చునేవారు. చివరిసారి ఇంటికి వెళ్ళినప్పుడు, ఎలా ఉన్నారని నేను అడిగేలోపే, "ఈ వానకు ఎంత వచ్చింది?" అన్నారు. కొంచెమే వచ్చిందన్నాను. "కొంచెం ఉండగానే తీసేయమను. జెర గట్టిగా చెప్పు" అన్నారు.

సమాధి దగ్గర మా ఊరివాళ్ళు చర్చి పాటలు రాక ఒక పక్కగా నిలబడ్డారు. వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరే వెళ్ళి పిడికెడు మట్టి వేశారు.

తర్వాతి ఆదివారం ఊరికి వెళ్ళాను. వదిన మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. ఇంటికి పోదాం, అన్నం తిందువు అంటూనే, తడక దాటి వచ్చిన ఒక చిన్న మొక్కను అందుకుంది. వెంటనే ఒడ్డుకు విసరలేదు. జుట్టులా వేలాడే నల్లటి వేళ్ళను నీళ్ళలోనే ఉంచి మెల్లగా జాడించింది. వాటిలో చిక్కుకున్న సన్నసన్న చేపపిల్లలు ఒక్కొక్కటే జారి వెళ్ళిపోతున్నాయి. ఆఖరిది పోయేదాకా వదిన అలాగే వంగి ఉంది.