నమ్మిన గొంతు

నిన్న మా కంపెనీ బస్సు అద్దానికి ఎవరో పైన్ చెట్టు బొమ్మ అట్ట ఒకటి తగిలించారు, మంచి వాసన వస్తుందని. ఆ వాసన ముక్కుకు తగలగానే ఒళ్ళు మండింది నాకు. పీకి బయట పారేశాను. తొంభైల్లో దోహాలో నేను తోలిన కఫీలు కారులోనూ అదే వాసన. కఫీలంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఆయన ఒక ఎండాకాలం ఏదో చలిదేశం పోయి, దట్టమైన పైన్ అడవిలో జింక కోసం వారమంతా తిరిగి, ఉత్త చేతులతో వచ్చాడు. కారెక్కితే అదే కథ. తప్పించుకున్న జింకను మెచ్చుకుంటున్నాడేమో అనుకునేవాణ్ణి. కాదు, పగబట్టాడు.

ఊరి బయట ఆయనకో తోట ఉండేది. చుట్టూ కంచె, లోపల కొన్ని పెంపుడు జింకలు. అక్కడ వంట చేసేది సుగుణమ్మక్క, గోదావరి జిల్లా మనిషి. మిగిలిన రొట్టెలు పట్టుకుని "రండమ్మా, రండి" అని కేకేస్తే చాలు, అవి పరుగెత్తుకొచ్చి ఆమె చేతిలో మూతి పెట్టేవి. కడప నుంచి కొత్తగా వచ్చి, ఎవరితోనూ కలవలేక కారులోనే కూర్చునే నన్నూ ఆమె అలాగే పిలిచి అన్నం పెట్టింది.

ఒక శుక్రవారం సాయంత్రం కఫీలు స్నేహితులను, తుపాకులను వెంటబెట్టుకుని దిగాడు. జింకలు అవతలి కంచె దగ్గరున్నాయి. అక్కను వాకిట్లోకి రప్పించి, "యల్లా, బులావో" అన్నాడు, కానీ, జింకలను పిలువమని.

ఎందుకు పిలవమంటున్నాడో ఆమెకు అర్థమైంది. పిలవను బాబా, అని తనకొచ్చిన హిందీలో చెప్పింది. పిలవకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు. కూతురి నర్సింగ్ చదువు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది ఆమెకు. నేను పక్కకు చేరి, "తెలుగులో పారిపొమ్మని అరువక్కా, వీళ్ళకేం తెలుస్తాది?" అన్నాను.

"పిచ్చోడా, ఆటికి మాత్రం తెలుగొచ్చేంటి?" అంది గుసగుసగా. "ఆటికి తెలిసింది నా గొంతు. పొమ్మన్నా వచ్చేత్తాయి. నమ్మించి గొంతు కోయడం అంటారే, అది నా గొంతుతోనే చెయ్యమంటన్నాడు ఈడు."

ఆ తర్వాత ఆమె నోరు విప్పలేదు. తిట్టారు, చీకటి పడేదాకా నిలబెట్టారు. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. వారం తిరక్కుండా ఆమెను విమానమెక్కించారు. ఎయిర్‌పోర్టులో దించింది నేనే. తర్వాత ఆ జింకలను కంచెలోనే కారుతో తరిమి తరిమి కాల్చి చంపారు. దానికి వేటని పేరు! అడవిలో జింకకు పారిపోయే దారైనా ఉంటుంది. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు నాకు, చల్లారాలనీ లేదు. ఒక్కటి మాత్రం నిజం, ఆమె పిలుపు విని వచ్చి చచ్చిన జింక లేదు.

ఇప్పుడు నేను దోహా పక్కనే లుసైల్‌లో కూలీలుండే క్యాంప్ చూసుకుంటున్నాను. మొన్న మేనేజరు ఫోన్ నా ముందుకు తోసి, "మీ ఊరివాళ్ళు నీ మాట వింటారు కదా. డ్రైవర్ పని అని చెప్పి రమ్మను. వచ్చాక మట్టి పనిలో పెడదాం" అన్నాడు. ఫోన్ ముట్టుకోలేదు నేను. నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకో అన్నాడు. ఆలోచించేదేముంది? నేను రమ్మంటే ఏం పనని కూడా అడక్కుండా బయలుదేరతారు మావాళ్ళు.