మూడు రోజుల మైల

2016. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. సెలవు రోజున జిల్లా గ్రంథాలయానికి వెళ్లడం నాకు అలవాటు. జన్యువుల గురించి నాకు తెలిసిందంతా అక్కడ కూర్చుని, అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ చదువుకున్నదే.

ఆ వేసవిలో గౌరి మా వార్డులో చేరింది. పేర్లు మార్చి రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ల మనిషి. పుట్టిల్లు నెల్లిమర్ల, అత్తవారిది నరసన్నపేట పక్క పల్లె. రొమ్ములో గడ్డ పుండై వాసన వచ్చాకే తీసుకొచ్చారు. అప్పటికే ఎముకలకు పాకింది. ఇంత చిన్న వయసులో రావడంతో డాక్టరుగారు జన్యు పరీక్ష రాసి, "ఫ్యామిలీ హిస్టరీ మరోసారి అడుగమ్మా" అన్నారు. అంటే, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని.

మంచం పక్కన గౌరి తండ్రి అప్పలనాయుడు ఉన్నాడు. జూట్ మిల్లులో చేసి మానేసిన మనిషి.

"మాయింట ఎవులికీ నేదు నర్సమ్మా. ఆలింటికెల్లినాకే పట్టినాది" అన్నాడు. గుమ్మం బయట ఉన్న అల్లుడు తల వంచుకున్నాడు.

నేను పుండుకు కట్టు మారుస్తున్నాను. గౌరి ముక్కు మూసుకుంది.

"నాన్నా, పెద్దత్తకాడ కూడా ఇదే వాసన."

"ఏ అత్తే?"

"నీ అక్కే. సూడ్డానికెల్తే మమ్మల్ని గుమ్మంకాడే ఆపేసినారు కదేటి."

"అది ఆలింటి మనిషి. పోతే మనకి మూడ్రోజుల మైలే కదే."

"సిన్నత్తకీ మూడ్రోజులే. ఆవిడేటై పోయింది మరి?"

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "గడ్డే" అన్నాడు.

పెళ్లయిన ఆడపిల్ల పోతే అత్తింటివారికి పది రోజుల మైల, పుట్టింటివారికి మూడే. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంట్లో ఎవరికైనా అంటే తన ఇంటిపేరున్న వాళ్లనే తలచుకున్నాడు.

రిపోర్టు వచ్చింది. బీఆర్‌సీఏ వన్ జన్యువులో హానికరమైన వేరియంట్, అంటే దాన్ని పనిచేయనివ్వని మార్పు. అది ట్యూమర్ సప్రెసర్ జీన్. కణంలో దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే పనిలో ఉంటుంది, గడ్డ పుట్టకుండా కాపు కాస్తుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒకటి పుట్టుకతోనే చెడితే రెండోదే దిక్కు. ఆ రెండోదీ ఏదో ఒక కణంలో పాడైతే అక్కడ క్యాన్సర్ మొదలవ్వచ్చు. తండ్రి ఏ జబ్బూ లేకుండానే దాన్ని బిడ్డకు ఇవ్వగలడు. ప్రతి బిడ్డకూ సగం అవకాశం.

గౌరి చెల్లెలు పద్మకు పరీక్ష చెయ్యాలన్నారు డాక్టరుగారు.

"దానికి సెప్పకండి. పాలిచ్చే పిల్ల, బెంగెట్టుకుంటాది" అన్నాడు అప్పలనాయుడు.

గౌరే కబురు పెట్టి పిలిపించింది. రక్తం తీయబోతే పద్మ చెయ్యి చాపలేక ఏడుస్తోంది.

"ఒసే, నన్ను సూసినాక కూడా సూదికి బయమేటే?" అంది గౌరి. పద్మ ఏడుస్తూనే నవ్వి, చెయ్యి చాపింది. ఎవరూ అడగకుండానే అప్పలనాయుడు కూడా వచ్చి చొక్కా చెయ్యి మడిచాడు.

ఇద్దరికీ అదే వేరియంట్.

"నేనే ఇచ్చేసినానా?" అన్నాడాయన.

"మీకూ ఎవరో ఇచ్చిందే కదా నాయుడుగారూ" అన్నాను. ఆ మాట ఆయనకు చేరినట్టు లేదు.

దీపావళికి ముందే గౌరి పోయింది, అత్తవారింట్లోనే. తర్వాత ముందుజాగ్రత్త స్కాన్‌కు వచ్చిన పద్మ చెప్పింది: "మూడో రోజున తానం సేసేసి ఇంటికెల్లిపొమ్మన్నారు సిస్టర్. నాన్న కదల్నేదు. పదిరోజులూ ఆల్తోనే మైల పట్టినాడు."

పద్మ ఏటా స్కాన్‌కు వస్తూనే ఉంది. జబ్బు రాకముందే రొమ్ములు తీయించుకునే ఆపరేషన్ సంగతి ఇంకా తేల్చుకోలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అని నేనిప్పుడు ఎవరినీ అడగను. మీ నాన్నగారి అక్కచెల్లెళ్లు ఎంతమంది, పోయినవాళ్లు ఎలా పోయారు అని అడుగుతాను. చాలామంది, "ఆలు వేరే ఇంటోలు కదమ్మా" అంటారు.

"వాళ్ల గురించే చెప్పండి" అంటాను.