ఎండలో మా సార్ పరీక్ష

నాకు కోపం వస్తే ఒక పట్టాన పోదు. మా టీమ్ లీడర్ సార్ మీద వచ్చిన కోపాన్నైతే బాపట్ల నుంచి రేపల్లె దాకా భద్రంగా మోసుకెళ్ళాను.

తెనాలిలో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రేపల్లెలో ఒక రైసుమిల్లు కోసం యాప్ చేస్తున్నాం. ధాన్యం దించడానికి రైతులు ట్రాక్టర్లతో పడిగాపులు పడకుండా ఇంటి దగ్గరే ఫోన్లో వంతు తీసుకోవాలి. స్క్రీన్లు గీసింది సార్. వాటిని జనం వాడగలరో లేదో చూడటం నా పని.

మొదటి పరీక్ష బాపట్లలో ఒక ఏసీ గదిలో పెట్టాం. పిలిపించిన రైతులు ఎక్కడ ఆగితే అక్కడ సార్ వంగి, "ఇదిగో, ఇక్కడ నొక్కండి పెద్దాయనా" అని వేలు పెట్టి చూపించారు. చివరికి అందరికీ వచ్చేసిందన్నారు. ఆయన చూపించకపోతే ఒక్కరికీ వచ్చేది కాదని నేను రిపోర్టులో రాశాను. మర్నాడు ఆఫీసులో అందరి ముందూ, "నీకు డిజైనంటే ఏంటో తెలీదమ్మా, బొమ్మలకు రంగులేసుకో" అని నన్ను ఆ పని నుంచి తీసేశారు. కొందరు నవ్వారు కూడా. ఆ పని నాకు తిరిగి రావాలి, అదీ ఆయన నోటితోనే చెప్పి ఇవ్వాలి అనుకున్నాను.

మిల్లు యజమాని తన కళ్ళతో చూశాకే యాప్ తీసుకుంటానన్నారు. ల్యాప్‌టాప్ మోయడానికి సార్ నన్ను వెంటబెట్టుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. మిల్లు ముందు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. నేను యజమానితో వీలైనంత వినయంగా, "బాబాయ్ గారూ, ముందు మా సార్‌నే ఒక వంతు తీసుకోమనండి. ఇక్కడే, ట్రాక్టర్ పక్కన నిలబడి" అన్నాను.

సార్ నవ్వుతూ ఫోన్ అందుకున్నారు. తెల్లటి స్క్రీన్ మీద లేత బూడిదరంగు అక్షరాలంటే ఆయనకు ఎంతో ముచ్చట. ఎండలో అవేవీ కనిపించలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని గుడ్డిగా నొక్కారు. వంతు ఖాయం చేసే బటన్, రద్దు చేసే బటన్ పక్కపక్కనే పెట్టారు మరి. రద్దయింది. మళ్ళీ తీశారు, మళ్ళీ రద్దయింది. చెమట తుడుచుకుంటూ గొంతు తగ్గించి, "ఎక్కడుందమ్మా అది?" అన్నారు.

ఎక్కడుందో నాకు తెలుసు.

"పరీక్షలో చూసేవాళ్ళు సాయం చేయకూడదు సార్" అన్నాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"మీకే రాకపోతే మా రైతులకేం వస్తుందండి?" అని యజమాని సార్ చేతిలోంచి ఫోన్ తీసుకుని నా చేతిలో పెట్టేశారు.

తెనాలి వచ్చే రైలు వేమూరు దాటాక సార్, "రేపటి నుంచి ఆ స్క్రీన్ల పరీక్ష మళ్ళీ నువ్వే చూడమ్మా" అన్నారు.

నేను థాంక్స్ చెప్పలేదు. "అలాగే సార్. మీరు కొత్తవి గీశాక మళ్ళీ మిల్లు దగ్గరే పరీక్ష పెడతాను. ముందు మీరే చేయాలి" అన్నాను.