బాషాగారి మెట్లు

హుస్సేన్ బాషాగారు దేన్నీ దాని కొలతలో చెప్పేవారు కాదు. సగటుకి ఎన్ని మెట్లు పైనో, ఎన్ని మెట్లు కిందో చెప్పేవారు. మద్దిలపాలెంలోని పసిపిల్లల తూకాల సర్వే ఆఫీసులో ఆయన స్టాటిస్టికల్ అసిస్టెంటు. కంప్యూటర్లో లెక్కల ప్యాకేజీ పిల్లల బరువులకు చేసే పనిని ఆయన లోకం మొత్తానికీ చేసేవారు.

"బాషాగారూ, బయట ఎండెలగుందండీ?"

"ఒకటిన్నర పైన."

"కేరేజీలో కూర బాగుందా?"

"ఉప్పు రెండు కింద."

ఒకసారి పాత ఊళ్ళో లతీఫ్ దర్జీ దగ్గరికి వెళ్ళి చొక్కా కుట్టమన్నారు. టేపు తియ్యబోతే వద్దన్నారు. "ఛాతీ సగటుకి ఒకటి కింద. పొడవు సగటే. కుట్టెయ్యి" అన్నారు. వారం తర్వాత చొక్కా వచ్చింది. అందులో బాషాగారు, ఆయనలాంటి ఇంకొకరు కలిసి పట్టేటట్టు ఉంది.

"ఎవరి సగటు భాయ్?" అన్నాడు లతీఫ్. "నా కొట్టుకొచ్చేవోళ్ళంతా పోర్టు కాంట్రాక్టర్లు. ఆళ్ళ పొట్టల సంగతి నీకు తెల్దా?"

తప్పు తనదేనని ఒప్పుకుని బాషాగారు ఆ చొక్కాని రెండేళ్ళు తొడిగారు.

ఈ కథ తాయారుకి చెప్పింది బాషాగారే. ఆ అమ్మాయి డెబ్భై తొమ్మిదిలో ఆ ఆఫీసులో కార్డులు పంచ్ చెయ్యడానికి చేరింది. ఒక్కో పిల్లకి ఒక్కో అట్టకార్డు. నంబరు, వయసు, బరువు అన్నీ అందులో చిల్లులే. ఆ కార్డుల కట్టని కంప్యూటరు మింగి, వెడల్పాటి కాగితం మీద మెట్లు కక్కేది.

"ఏటండీ ఈ మెట్లు? కేజీల్లో సెప్తే సరిపోదా?" అని మొదటిరోజే అడిగింది తాయారు.

"అయిదు కేజీల పిల్ల అంటే ఏటి తెలుస్తాదమ్మా? నెల పిల్లయితే బొద్దు. ఏడాది పిల్లయితే పుల్ల. ఈడు పిల్లల పక్కన నిలబెడితేగాని తెల్దు. ఆ పిల్లలు మామూలుగా ఎంత ఎక్కువ తక్కువలుంటారో, అది ఒక మెట్టు."

తాయారు కూతురు పైడితల్లి కూడా ఆ సర్వేలో ఉంది. ఎనిమిదో నెలలో తూచారు. అయిదు కేజీల వంద గ్రాములు. ఆ కార్డు తాయారే పంచ్ చేసింది. కాగితం వచ్చిన రోజు బాషాగారు వరసగా అందరి అంకెలూ పైకి చదువుతూ, రెండు వందల ముప్పై ఏడో నంబరు దగ్గర ఆగారు. రెండున్నర కింద. ఆయన అది పైకి చదవలేదు. కళ్ళజోడు తుడుచుకుని తర్వాతి నంబరుకి వెళ్ళిపోయారు. సాయంత్రం మాత్రం, "పాపని పెద్ద డాక్టరుకి సూపించమ్మా" అన్నారు.

తాయారు, పోర్టులో కళాసీగా పనిచేసే ఆమె మొగుడు తవిటయ్య, అప్పటికే చూపిస్తున్నారు. ఆ వానాకాలం పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాలుగో రోజు ఖాళీ ఒడితో తాయారు బస్సెక్కింది.

ఇరవై రోజుల తర్వాత పనిలోకి వచ్చింది. హైదరాబాదు ఆఫీసు వాళ్ళు పట్టికలు మళ్ళీ తీసి పంపమన్నారు. కార్డులు వరసలో పెడుతుంటే రెండు వందల ముప్పై ఏడు చేతికి వచ్చింది. తాయారు ఆ చిల్లుల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. మిషను లోపల ఆ కార్డు గిర్రున తిరగడం తలుచుకుంటే తట్టుకోలేకపోయింది. తీసి చేతిసంచిలో పెట్టేసుకుంది. అన్ని వందల్లో ఒక్కటి, ఎవరికి తెలుస్తుంది?

మర్నాడు కాగితం రాగానే బాషాగారు కేకేశారు.

"ఎనిమిదో నెల పిల్లల సగటు ముప్పై గ్రాములు పెరిగిపోనాదేటి?"

"ముప్పై గ్రాములకి అంత గోలెందుకయ్యా?" అన్నారు ఆఫీసరు అర్జునరావుగారు.

తాయారు చేతిసంచిని కుర్చీ కిందికి నెట్టింది. బాషాగారి వేలు కాగితం మీద జారింది. రెండు వందల ముప్పై ఆరు. ఆ తర్వాత ముప్పై ఎనిమిది. వేలు అక్కడే ఉండిపోయింది. ఆయన తాయారు వైపు చూడలేదు.

"అచ్చు రిబ్బను బాగోలేదు సార్, అంకెలు సరిగ్గా పడలేదు. రేపు మళ్ళీ తీద్దాం."

ఆ మర్నాడు వచ్చిన కాగితంలో రెండు వందల ముప్పై ఏడు ఉంది. రెండున్నర కింద. తాయారు సంచి తడిమి చూసుకుంది. కార్డు సంచిలోనే ఉంది. బాషాగారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఇదెలగండీ? తూకాల రిజిస్టరు హైదరాబాదులో ఉంది గదా?"

"పాత కాగితంలో సగటూ, మెట్లూ ఉన్నాయి గదమ్మా. ఎక్కిన మెట్లే దిగొచ్చాను. మెట్టుకి ఎనిమిది వందల గ్రాములు. రెండున్నర మెట్లంటే రెండు కేజీలు. సగటు ఏడు కేజీల వందలోంచి తీసేస్తే అయిదు కేజీల వంద. పాప బరువు పాపకి వచ్చేసింది."

"లేని పిల్ల ఎందుకండీ లెక్కలో?"

"తూచిన రోజు ఉంది గదమ్మా" అన్నారు ఆయన. రెండు కాగితాలూ పక్కపక్కన పరిచారు. "ఇలా సూడు. పాపని తీసేస్తే సన్నపిల్లలందరూ ఇంకా కిందకి జారిపోనారు. ఒకటి కిందున్నోడు ఇంకో పదోవంతు మెట్టు కిందకెళ్ళిపోనాడు. కలిపితే మళ్ళీ పైకొచ్చారు. నీ కూతురు ఆళ్ళందరినీ పట్టుకునుందమ్మా."

తాయారు బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా అలా ఏడవలేదు. బాషాగారు ఆఫీసు గది తలుపు దగ్గరగా వేసి, మంచినీళ్ళు తెచ్చి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు.

"ఏడమ్మా, ఏడు. ఎంతని సూడకు" అన్నారు. "ఆ కార్డు నీకాడే ఉంచుకో. ఎవరికీ సెప్పను."

కాసేపటికి తాయారు ముఖం తుడుచుకుంది. "మరి కొత్త కార్డు ఎవరు పంచ్ చేశారండీ?"

"నానే."

ఆమె బల్ల కిందికి చూసింది. చెత్తబుట్ట నిండా పాడైపోయిన కార్డులు. ఒకటి తీసి వెలుతురుకి పట్టి చదివింది. వయసు ఎనభై నెలలు, బరువు యాభై ఒక్క కేజీలు. ఇంకొకటి తీసింది. అందులో పాపకి బరువే లేదు, నంబరు మాత్రం మూడుసార్లు ఉంది.

"ఎన్ని పాడు సేశారండీ?"

"పంతొమ్మిది" అన్నారు బాషాగారు దొంగలాగా.

తాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. కళ్ళల్లో నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"లేవండి, ఇలా రండి" అని కార్డులు పంచ్ చేసే మిషను ముందు కుర్చీ లాగింది. "కూకోండి. నాను సూపిత్తాను."

బాషాగారు బుద్ధిగా కూర్చుని, ఒక్క వేలు గాల్లోకి ఎత్తి, ఏ మీట నొక్కాలా అని ఆమె వైపు చూశారు.